తొమ్మిది బొమ్మలు ఎవరి కోసం గీస్తున్నట్టు?

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన వారం మీ చదువుల పేజీలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుల గురించి వచ్చిన కథనం చదివాను. పిల్లలు ప్రాజెక్టులు కొనుక్కుంటున్నారనీ, రిపోర్టులు ఒకరి దాంట్లోంచి ఒకరు దించుకుంటున్నారనీ రాశారు. నిజమే, నేను చదువుకునే రోజుల్లోనూ ఇదే తంతు. కానీ ఆ రిపోర్టు మధ్యలో ఉండే ఒక భాగం గురించి మీ కథనంలో ఒక్క ముక్క కూడా లేదు. డిజైన్ అని పేరు పెట్టి పదిహేను ఇరవై పేజీలు బొమ్మలుంటాయి చూడండి, డబ్బాలు, బాణాలు, అగ్గిపుల్లలతో చేసినట్టుండే మనుషులు, దాని గురించి. వాటిలో ఏది ఎప్పుడు గీయాలో, ఏది గీయనక్కర్లేదో పిల్లలకు ఎవరూ చెప్పరు. అన్నీ గీసుకురమ్మంటారు, అంతే.

నేను కావలిలో ఉంటాను. మాది పెద్ద కంపెనీ ఏమీ కాదు, నేనూ ఇంకో ఇద్దరు కుర్రాళ్లూ, ఒక గది, ఒక ఇన్వర్టర్. రైస్ మిల్లులకి, ఐస్ ఫ్యాక్టరీలకి, రొయ్యలు కొనే వ్యాపారులకి లెక్కల సాఫ్ట్‌వేర్ రాసిస్తుంటాం. పద్నాలుగేళ్లుగా ఇదే పని కాబట్టి ఈ బొమ్మల గురించి నాలుగు మాటలు రాసే హక్కు ఉందనుకుంటున్నాను. ఉత్తరం పొడుగైతే కత్తిరించుకోండి, కానీ దయచేసి రొయ్యల భాగం మాత్రం ఉంచండి.

మా అక్క కొడుకు ఒంగోలు దగ్గర ఒక కాలేజీలో బీటెక్ ఆఖరి సంవత్సరం. సంక్రాంతికి వచ్చినప్పుడు వాడి ప్రాజెక్టు రిపోర్టు తెచ్చి చూపించాడు, గట్టి అట్ట, మీద బంగారు రంగు అక్షరాలు. లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. నా కాలంలోనూ అదే, బహుశా వాడి కొడుకు కాలంలోనూ అదే ఉంటుంది. లోపల యూఎంఎల్ బొమ్మలు (సాఫ్ట్‌వేర్ ఎట్లా ఉండాలో గీసి చూపించే పద్ధతి అది) తొమ్మిది, పెళ్లి విస్తట్లో వడ్డించినట్టు వరసగా ఉన్నాయి. క్లాస్ డయాగ్రమ్, ఆబ్జెక్ట్ డయాగ్రమ్, యూజ్ కేస్, సీక్వెన్స్, కొలాబరేషన్, స్టేట్‌చార్ట్, యాక్టివిటీ, కాంపొనెంట్, డిప్లాయ్‌మెంట్. సాఫ్ట్‌వేర్ ఏయే కంప్యూటర్ల మీద నడుస్తుందో చూపించాల్సిన డిప్లాయ్‌మెంట్ బొమ్మలో ఒకే ఒక్క డబ్బా ఉంది, దాని మీద కంప్యూటర్ అని రాసుంది. ఒక వస్తువు ఏ స్థితిలోంచి ఏ స్థితిలోకి పోతుందో చూపించే స్టేట్‌చార్ట్ పేజీ తిప్పాను. లాగిన్, హోమ్ పేజీ, సెర్చ్, లాగౌట్.

"ఒరేయ్, ఇవి స్క్రీన్లు కదరా. లైబ్రరీలో పుస్తకం సంగతేంది? బీరువాలో ఉంటుంది, ఎవరో తీసుకుపోతారు, ఇంకొకరు నాకు కావాలని పేరు రాయించుకుంటారు, గడువు దాటుతుంది, చిరిగితే బైండింగ్‌కి పోతుంది. అవి కదా స్థితులంటే. సరే, పోతే?" అన్నాను.

"ఏం పోతే మామా?"

"పుస్తకం రా. తీసుకున్నోడు పోగొట్టాడు. అప్పుడు నీ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది?"

వాడు కాసేపు ఆ పేజీ వంక చూసి "వైవాలో అది అడగరు మామా" అన్నాడు.

వాణ్ని అని లాభం లేదు. కోడ్ అంతా అయిపోయాక, సబ్మిషన్‌కి నాలుగు రోజుల ముందు, పాత బ్యాచ్ వాళ్ల ఫైలు తెరిచి పేర్లు మార్చి గీసిన బొమ్మలవి. ఇల్లు కట్టి గృహప్రవేశం కూడా అయ్యాక ప్లాను గీయించినట్టు. ఈ తొమ్మిది అనే లెక్క ఎక్కడిదంటే, గ్రేడీ బూచ్, జేమ్స్ రంబా, ఇవార్ జాకబ్సన్ అనే ముగ్గురు అప్పటిదాకా ఎవరి పద్ధతిలో వాళ్లు గీస్తున్న బొమ్మల్ని కలిపి ఒకే భాషగా చేశారు, 1997లో ఓఎంజీ అనే సంస్థ దాన్ని ప్రమాణంగా తీసుకుంది. ఆ మొదటి యూఎంఎల్‌లో రకాలు తొమ్మిది. తర్వాత రెండో వెర్షన్ వచ్చింది, ఇప్పుడు లెక్క పద్నాలుగు. కొలాబరేషన్ అనే పేరు కూడా మారి కమ్యూనికేషన్ అయింది. మన ల్యాబ్ రికార్డులు మాత్రం ఆ తొమ్మిది దగ్గరే చతికిలపడ్డాయి. అయినా తొమ్మిదా పద్నాలుగా అన్నది కూడా కాదు నా గొడవ. అవి వడ్రంగి సంచిలో పనిముట్లు. తలుపు బిగించడానికి వచ్చినవాడు సంచిలో ఉన్నవన్నీ ఆ తలుపు మీద వాడి చూపిస్తే మీరు కూలి ఇస్తారా?

నేనేదో అన్నీ తెలిసినవాణ్నని చెప్పడం లేదు. ఈ సంగతి నాకు డబ్బులు పోగొట్టుకుంటే తెలిసింది.

అల్లూరు, విడవలూరు వైపు రొయ్యలు కొనే వ్యాపారి ఒకాయన ఉన్నారు, పేరెందుకులెండి. సీజన్‌లో రోజుకు ఐదారు గుంటలు, అంటే రొయ్యలు పెంచే చెరువులు, పట్టుబడి చేయిస్తారు. తెల్లవారుజామున వల లాగి, రొయ్యల్ని ట్రేలలో పోసి నీళ్లు ఓడ్చి కాటా వేస్తారు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో లెక్కపెడతారు, దాన్నే కౌంట్ అంటారు. కౌంట్ తక్కువైతే రొయ్య పెద్దదని, రేటు ఎక్కువ పలుకుతుందని అర్థం. 40 కౌంట్‌కి ఒక రేటు, 50కి ఒకటి, 100కి ఇంకొకటి. తర్వాత ఐస్ వేసి బండికెత్తి ప్రాసెసింగ్ ప్లాంటుకు పంపుతారు. రైతు చేతికి బిల్లు వస్తుంది, ఆనక డబ్బు వస్తుంది.

ఇదంతా విని నేను గీసింది ఫ్లోచార్ట్. కాలేజీలో మొదటి సంవత్సరం నుంచీ చేతికి అలవాటైన బొమ్మ అదే మరి. పైన కోడిగుడ్డు ఆకారంలో ప్రారంభం, కింద వరసగా డబ్బాలు, మధ్యలో డైమండ్ ఆకారంలో "రేటు ఒప్పుకున్నాడా?" అని ఒక ప్రశ్న, చివర మళ్లీ కోడిగుడ్డు. రెండు ఏ4 పేజీలు, కలర్ ప్రింటు. వ్యాపారి చూసి బాగుందన్నారు. గుమాస్తా గారు కూడా తల ఊపారు. ఆయనకు అరవై దాటాయి, ముప్పై ఏళ్లుగా ఆ కాటా దగ్గరే ఉన్నారు. ఆయన తల ఊపితే పని ఒప్పైనట్టే అనుకున్నాను. ఆయన మర్యాదకు ఊపారని తర్వాతెప్పుడో అర్థమైంది.

మూడు వారాలు బాగానే నడిచింది. ఒకరోజు గుంట దగ్గర 40 కౌంట్ కింద బిల్లు చేసిన సరుకు ప్లాంటులో దించాక 45 పడింది. రొయ్యల్లో ఇది మామూలుగా ఉండే గొడవే. చిన్న సైజు కలిసి ఉండొచ్చు, మెత్త రొయ్య తీసి పక్కన పడేసి ఉండొచ్చు, శాంపిల్ ఏ ట్రేలోంచి తీశారన్న దాన్ని బట్టి కూడా మారుతుంది. కౌంట్ మారితే రేటు మారాలి, కిలోకి పదో పన్నెండో తేడా వచ్చినా రెండు టన్నుల మీద ఇరవై వేల పైమాటే. నా సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ఆ బిల్లు అప్పటికే ముగిసిపోయింది, చివరి కోడిగుడ్డు దాటేసింది కదా, ఇక వెనక్కి వచ్చే దారే లేదు. గుమాస్తా గారు పాపం ఏం చేస్తారు, అదే సరుకుకు కొత్త రేటుతో ఇంకో బిల్లు కొట్టారు. పాతది అట్లాగే ఉండిపోయింది. నెలాఖరుకు ఇట్లాంటివి పదకొండు పోగయ్యాయి. ఒక రైతు ఖాతాలో నాలుగు టన్నుల సరుకు కనపడుతోంది, ఆ గుంట జన్మలో నాలుగు టన్నులు ఇచ్చిన గుంట కాదు. అడ్వాన్సు ఒక బిల్లు మీద, బాకీ ఇంకో బిల్లు మీద. ఆ రైతు కొడుకు ఫోన్‌లో రెండు బిల్లులూ చూపించి రెండింటి డబ్బూ అడిగాడు, అడగడంలో అతని తప్పేముంది, రెండింటి మీదా ముద్ర మా దగ్గర పడిందే. ఆ నెల లెక్క తేల్చడానికి నేనూ గుమాస్తా గారూ నాలుగు రాత్రులు దోమల్లో కూర్చున్నాం. నాకు రావాల్సిన రెండో వాయిదా అడగడానికి నోరు రాలేదు, ఇప్పటికీ అడగలేదు.

తమాషా ఏమిటంటే కోడ్‌లో తప్పు ఒక్కటీ లేదు. ఫ్లోచార్ట్‌లో ఏముందో అదే కోడ్‌లో ఉంది. ఒక పని మొదట్నుంచి చివరిదాకా ఏ వరసలో జరుగుతుందో ఫ్లోచార్ట్ చెబుతుంది, కానీ ఆ షెడ్డులో వరస గురించి ఎవరికీ అనుమానం లేదు, నిద్రలో లేపి అడిగినా చెబుతారు. చిక్కంతా ఎక్కడుందంటే ఒక లాటు, అంటే ఒక పట్టుబడిలో వచ్చిన సరుకు, వారం పది రోజులపాటు ఒక స్థితిలోంచి ఇంకో స్థితిలోకి పోతూ, మళ్లీ వెనక్కి వస్తూ ఉంటుంది. అట్లాంటి దానికి గీయాల్సింది స్టేట్ డయాగ్రమ్, మా వాడి రిపోర్టులో స్టేట్‌చార్ట్ అని ఉన్నది ఇదే.

రెండోసారి కాటా షెడ్డులోనే కూర్చుని ఒక ఐస్ బిల్లు వెనక వైపు గీశాను. ఊరికే గుండ్రాలు. "కాటా అయింది", "బండెక్కింది", "ప్లాంటులో దిగింది", "కౌంట్ తగాదాలో ఉంది", "రేటు ఖరారు", "సగం డబ్బు ముట్టింది", "చెల్లు". ఏది జరిగితే ఏ గుండ్రంలోంచి ఏ గుండ్రంలోకి పోతుందో బాణాలు. ఈసారి గుమాస్తా గారు తల ఊపలేదు. కళ్లజోడు సరిచేసుకుని, తగాదా గుండ్రం మీద వేలు పెట్టి, "ఇక్కడున్నప్పుడు రైతు అడ్వాన్సు అడిగితే యాడికి పోవాల?" అన్నారు. నేను ఆలోచించలేదన్నాను. "అదే కదబ్బయా అసలు అడిగేది. తగాదా తేలేదాకా మేత కొట్టాయన ఊరుకుంటాడా?" అని వేలు ఇంకో గుండ్రం మీదికి జరిపారు. "బండి దార్లో చెడిపోయిందనుకో, ఐస్ కరిగి సరుకు వెనక్కొస్తది. అది యాడుంది ఇందులో?" పావుగంటలో నా బొమ్మకు ఆరు బాణాలు, రెండు గుండ్రాలు పెరిగాయి. ఆయన కంప్యూటర్ చదువు చదివినవారు కాదు, స్టేట్ డయాగ్రమ్ అనే మాట కూడా ఆయన దగ్గర నేను ఎత్తలేదు. రంగుల ఫ్లోచార్ట్ ముందు నోరు మెదపని మనిషి చిత్తు కాగితం మీద గీతలు చూసి నన్ను నిలదీశారంటే, ఆయన బుర్రలో సరుకు ముప్పై ఏళ్లుగా అట్లాగే ఉందన్నమాట.

ఇంటికి పోయి దాన్ని పట్టికగా వేశాను. ఎడమ వైపు తొమ్మిది స్థితులు, పైన జరగగలిగే సంఘటనలు ఎనిమిది, మొత్తం 72 గళ్లు. బాణాలున్న చోటల్లా నింపితే ఇరవై చిల్లర నిండాయి. మిగతా ఖాళీల్లో చాలావరకు అసలు జరగనివే, బండెక్కకముందే ప్లాంటులో దిగడం లాంటివి, వాటికి అడ్డగీత కొట్టాను. చివరికి ఐదు గళ్ల దగ్గర ఏం రాయాలో నాకు తోచలేదు. ఆ ఐదూ పట్టుకుని మర్నాడు పోయి అడిగితే రెండింటికి వ్యాపారికీ జవాబు తెలియదు, అప్పటిదాకా ఏ రోజుకు ఆ రోజు మనిషిని బట్టి ఏదో ఒకటి చేస్తున్నారట. ఒక్క లైను కోడ్ రాయకుండా, ఒక పెన్నూ ఒక కాగితమూ ఖర్చుతో ఐదు గొడవలు ముందే బయటపడ్డాయి. మరి ఈ గళ్ల పట్టిక ల్యాబులో ఎందుకు వేయించరో నాకు అర్థం కాదు.

ఇప్పుడు మనం గీసే స్టేట్‌చార్ట్ రూపం డేవిడ్ హారెల్ అనే ఆయనది. 1980లలో ఇజ్రాయెల్‌లో యుద్ధ విమానం ఎలక్ట్రానిక్స్ తయారు చేస్తున్న ఇంజనీర్ల దగ్గరికి సలహాదారుగా వెళ్లాడు. అదే మీట విమానం నేల మీద ఉన్నప్పుడు నొక్కితే ఒకటి జరగాలి, గాల్లో ఉన్నప్పుడు నొక్కితే ఇంకొకటి. దాన్ని పేజీల కొద్దీ వాక్యాల్లో రాసుకుని తికమక పడుతున్నారు. అక్కడ పుట్టిన బొమ్మల గురించి ఆయన 1987లో పేపర్ అచ్చు వేశాడు, తర్వాత యూఎంఎల్ వాళ్లు దాన్నే తీసుకున్నారు. యుద్ధ విమానానికీ మా రొయ్యల లాటుకూ పోలికేమిటని నవ్వకండి. అడ్వాన్సు అనే మీట లాటు బండిలో ఉన్నప్పుడు నొక్కితే ఒక సంగతి, తగాదాలో ఉన్నప్పుడు నొక్కితే ఇంకో సంగతి, కష్టం ఇద్దరిదీ ఒకటే. మన టంగుటూరు, కందుకూరు వేలం కేంద్రాలకు వచ్చే పొగాకు బేలుదీ ఇదే కథ. కొంటే పోయింది, నోబిడ్ అయితే, అంటే ఎవరూ పాట పాడకపోతే, రైతు వెనక్కి తీసుకుపోయి మళ్లీ ఇంకోరోజు తెస్తాడు. ఒకే బేలు మూడుసార్లు గడప తొక్కొచ్చు.

అట్లాగని స్టేట్ బొమ్మను నెత్తిన పెట్టుకోమని చెప్పడం లేదు. మరుసటి ఏడాది అదే వ్యాపారికి గుంట గట్టు మీదే ఫోన్‌లో బిల్లు చేసే యాప్ రాసినప్పుడు ఆ బొమ్మ నాకు ఎందుకూ పనికిరాలేదు. సముద్రం వైపు గుంటల దగ్గర సిగ్నల్ ఉంటే ఒక గీత, లేకపోతే అదీ లేదు. ఫోన్ బిల్లు పంపింది, సర్వర్ రాసుకుంది, అందిందని జవాబిచ్చింది, ఆ జవాబు దార్లో పోయింది. ఫోన్‌కేం తెలుసు, అందలేదనుకుని మళ్లీ పంపింది. సర్వర్ అది ఇంకో బిల్లనుకుంది. మళ్లీ జంట బిల్లులు, ఈసారి మనిషి చెయ్యి పడకుండా వాటంతటవే! టీ కొట్టు దగ్గర మీ ఫోన్‌లో డబ్బు కట్ అవుతుంది, కొట్టాయన స్పీకర్ పలకదు, ఇద్దరూ మొహమొహాలు చూసుకుంటారు చూడండి, ఇదీ ఆ జాతే.

ఇక్కడ కావాల్సింది సీక్వెన్స్ డయాగ్రమ్. పైన అడ్డంగా పాత్రల పేర్లు, ఫోను, సర్వరు, ప్లాంటు అని. ఒక్కో పేరు కింద ఒక నిలువు గీత. కాలం పైనుంచి కిందికి నడుస్తుంది, గీతకూ గీతకూ మధ్య మాటల బాణాలు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు ఒకదానితో ఒకటి ఎట్లా మాట్లాడుకోవాలో రాసుకోవడానికి టెలికాం ఇంజనీర్లు ఇట్లాంటివే వాడేవారు. గీయడం అయ్యాక ఒక్కో బాణం దగ్గర ఆగి, ఇది చేరకపోతే ఏమవుతుందని అడుగుతూ కిందికి దిగాలి. మాకు నాలుగో బాణం దగ్గర దొంగ దొరికాడు. మందు కూడా చిన్నదే. ఫోన్ బిల్లు పంపకముందే దానికి తనే ఒక నంబరు వేసుకుంటుంది, ఎన్నిసార్లు పంపినా అదే నంబరు, సర్వర్ ఆ నంబరు తన దగ్గర ఉందేమో చూసుకుని ఉంటే పాత జవాబే మళ్లీ ఇస్తుంది. మా మేనల్లుడి రిపోర్టులో సీక్వెన్స్ బొమ్మ కూడా ఉంది. అందులో బాణాలన్నీ చేరుతాయి. ఒక్కటీ తప్పిపోదు.

ఈఆర్ (ఎంటిటీ-రిలేషన్‌షిప్) బొమ్మ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు ఒక్క బొమ్మే గీసే టైమ్ ఉంటే గీసేది అదే. పీటర్ చెన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త దాన్ని 1976లో ప్రతిపాదించాడు. ఇందులో పనుల ఊసే ఉండదు, వస్తువులు, మనుషులు, వాళ్ల మధ్య సంబంధాలు, అంతే. గీత చివర కాకి కాలులా మూడు పాయలు గీస్తే "చాలా" అని అర్థం. ప్రతి గీత దగ్గరా ఒకటికి ఎన్ని అని అడగాలి. ఒక రైతుకు ఎన్ని గుంటలు? చాలా. సరే, ఒక గుంటకు ఎంతమంది రైతులు? నేను ఒకడే అనుకుని మొదట్లో అట్లాగే రాశాను. పొత్తు వ్యవసాయం మాట మర్చిపోయాను, అదీ ఈ జిల్లాలో పుట్టి పెరిగి! ముగ్గురు కలిసి గుంట వేస్తారు, డబ్బు మూడు ఖాతాల్లో పడాలి. పైగా కౌలు ఒకటి. పోయిన పంటకు ఈ గుంట ఒకరి చేతిలో ఉంటుంది, ఈ పంటకు ఇంకొకరు తీసుకుంటారు, పాత బాకీ మాత్రం పాతాయన పేరు మీదే ఉండాలి. అంటే కౌలుకు విడిగా ఒక డబ్బా కావాలి, అందులో మొదలైన తేదీ, ముగిసిన తేదీ ఉండాలి. ఈ సంగతి ఫ్లోచార్ట్‌లో చచ్చినా కనపడదు, స్టేట్ బొమ్మలోనూ కనపడదు. ఒకసారి డేటా నిండాక దీన్ని మార్చడమంటే పునాది తవ్వడమే.

కొన్నింటికి బొమ్మే అక్కర్లేదు. మా దగ్గర ధాన్యం పుట్టి లెక్కన అమ్ముతారు, నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. వేరే జిల్లా నుంచి వచ్చి మా దగ్గర చేరిన కుర్రాడు పుట్టంటే ఏదో సంచి పేరనుకుని రెండు రోజులు కోడ్ రాశాడు. అక్కడ కావాల్సింది రెండు లైన్ల మాట. మిల్లులో ధర కోతలకు కూడా నేను బొమ్మ గీయను. తేమ ఎక్కువుందా, తాలు ఉందా, నూక ఎక్కువుందా, సంచి రైతుదేనా, రవాణా రైతుదేనా, ఇట్లా ఐదు అవునా-కాదా ప్రశ్నలుంటే 32 కలయికలు వస్తాయి, వాటిని డైమండ్లతో గీస్తే సాలెగూడు తయారవుతుంది. పట్టిక వేస్తే మిల్లు ఓనరు కాఫీ తాగుతూ ఒక్కో వరసా చదివి ఇది తప్పు, ఇది ఒప్పు అని టిక్కులు పెట్టేస్తాడు.

పాపం ఫ్లోచార్ట్‌ను ఇంతసేపు తిట్టాను గానీ అది చెడ్డదేమీ కాదు. 1921లోనే గిల్‌బ్రెత్ దంపతులు ఫ్యాక్టరీ పనుల కోసం ఇట్లాంటి చార్టులు మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు పెట్టారు, 1940లలో గోల్డ్‌స్టైన్, వాన్ నాయ్‌మన్ దాన్ని కంప్యూటర్ ప్రోగ్రాములకు తెచ్చారు. ఒకడు ఒక పని ఒక వరసలో చేసేచోట దాన్ని మించింది లేదు. కాటా షెడ్డులో ప్రింటర్ మొరాయిస్తే ఏం చేయాలో నేను ఒక పేజీ ఫ్లోచార్ట్ గీసి అంటించాను, దానివల్ల నాకు రాత్రిపూట వచ్చే ఫోన్లు సగం తగ్గాయి. డేటా ఫ్లో డయాగ్రమ్ కూడా పాతబడిందని అంటుంటారు, 1970ల నాటిది, కానీ కొత్త చోటికి పోయిన మొదటి రోజు నేను గీసేది అదే. ఏ కాగితం ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోతుందో చూడటానికి. కాటా చిట్టీ మూడు కాపీలు ఉంటే మూడోది ఐస్ ఫ్యాక్టరీకి పోతుందని, వాళ్లు దాన్ని చూసే ఐస్ బిల్లు వేస్తారని నాకు అట్లాగే తెలిసింది, ఎవరూ నోటితో చెప్పలేదు.

క్లాస్ డయాగ్రమ్, అంటే కోడ్‌లోని భాగాలు ఒకదానికొకటి ఎట్లా ముడిపడ్డాయో చూపించే బొమ్మ, నేను దాదాపు గీయనే గీయను. ముగ్గురం ఒకే గదిలో కూర్చుంటాం, ఏదైనా ఉంటే కుర్చీ తిప్పి అడుగుతాం. యాభై మంది రాసేచోట దాని అవసరం వేరు, నేను అక్కడ పనిచేయలేదు. కానీ ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను, దాన్ని తీసుకుపోయి ఓనరుకు చూపించకండి. చూసేవాడికి తప్పు పట్టే వీలు లేని బొమ్మ మీద సంతకం పెట్టించుకుంటే, రేపు తగాదా వచ్చిన రోజున "మీరే సంతకం పెట్టారు కదా" అనడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు.

ఇప్పుడు ఇంకో ముచ్చట. మా వాడు ఫోన్ తీసి ఏఐని అడిగితే లైబ్రరీకి తొమ్మిది బొమ్మలూ నిమిషంలో గీసిపెట్టింది, నాకన్నా నీటుగా. గీతలు గీయడం వచ్చా రాదా అని ఇక మార్కులు వేయడంలో అర్థం లేదు. లెక్చరర్లను కూడా నేను తప్పుపట్టను, అరవై మంది పిల్లలు, ఒక ఫారం, అందులో "డిజైన్ బొమ్మలు: 10 మార్కులు" అని ఒక గడి. అవన్నీ ఉన్నాయా లేదా చూసి టిక్కు పెట్టడం తప్ప వాళ్లకు టైమ్ ఎక్కడిది. కాకపోతే ఆ గడి మార్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు. వైవాలో ఒకే ప్రశ్న అడగమనండి: ఈ తొమ్మిదిలో ఏడు చించేస్తే ఏ రెండు ఉంచుకుంటావు, చించినవాటి వల్ల నీ ప్రాజెక్టుకు ఏం నష్టం వచ్చింది? నష్టమేమీ లేదని నిజం చెప్పినవాడికీ మార్కులు వేయాలి. లైబ్రరీ మేనేజ్‌మెంట్ కూడా ఇక చాలు. ఒంగోలు నుంచి అరగంట పోతే చీమకుర్తిలో గ్రానైట్ క్వారీలున్నాయి, ఇటు వస్తే ఐస్ ఫ్యాక్టరీలు, మిల్లులు, గుంటలు. రెండు రోజులు అక్కడ గుమాస్తా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటే ఏ బొమ్మ కావాలో ఆయన అడిగే ప్రశ్నల్లోనే తెలిసిపోతుంది. మీ చదువుల పేజీలో ఈసారి ఈ విషయం మీద కాలేజీల వాళ్లను అడిగి రాస్తే బాగుంటుంది.

మా వాడు పుస్తకం పోయిన గుండ్రం కలిపి స్టేట్ బొమ్మ మళ్లీ గీశాడు. పోయిన పుస్తకం డబ్బు కట్టాక దొరికితే ఏం చేయాలో తేలక ఇప్పుడు వాడే నాకు ఫోన్ చేస్తున్నాడు.

ఐస్ బిల్లు వెనక గీసిన ఆ లాటు బొమ్మను తర్వాత శుభ్రంగా ప్రింటు తీసి కాటా షెడ్డు గోడకు అంటించాం, ఉప్పు గాలికి అంచులు ముడుచుకుపోయాయి గానీ ఇంకా అక్కడే ఉంది. నిన్న పోయినప్పుడు చూస్తే గుమాస్తా గారు పెన్సిల్‌తో "చెల్లు" గుండ్రంలోంచి వెనక్కి ఒక బాణం గీసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు. ఆయన భోజనానికి వెళ్లి ఉన్నారు, అడగడం కుదరలేదు. చెల్లయిపోయాక కూడా వెనక్కి వచ్చేదేముందో రేపు పోయి కనుక్కోవాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా